కల్లుకుండకు సున్నం

1937 అక్టోబరు 1. మా అవ్వకు ఆ తేదీ తెలియదు; 'కల్లంగళ్లు మూసిన ఏడు' అనేది. ధర్మపురి అప్పుడు సేలం జిల్లాలోనిది. వేరు జిల్లా అయింది 1965లో. మద్రాసు ప్రధానమంత్రి (అప్పట్లో ముఖ్యమంత్రిని అలాగే అనేవారు) రాజాజీ మద్యనిషేధ చట్టాన్ని మొట్టమొదట సొంత జిల్లాలోనే అమలు చేశారు. ఆయన పుట్టిన తొరపల్లి హోసూరు పక్కనే గదా! 1938లో అది చిత్తూరు, కడప జిల్లాలకు పాకింది. కల్లు, సారాలే కాదు, గంజాయి కూడా ఆ చట్టం కిందికే వచ్చింది. పోయిన రాబడికి బదులుగా 1939లో అమ్మకం పన్ను పుట్టింది.

అవ్వ పుట్టింటివాళ్లు ఈతచెట్లు గీసి బతికినవాళ్లు. చట్టం వచ్చాక లైసెన్సు ఉంటే తీపినీరు దించుకోవచ్చు, బెల్లం వండుకోవచ్చు. కుండ లోపల సున్నం పూయాలి, అప్పుడు నీరు పులియదు. పూయకపోతే అదే చెట్టు, అదే నీరు, నేరం. వాళ్ల నాయన ఆ సున్నం దగ్గరే ఒకసారి పట్టుబడ్డాడట. అయినా చట్టాన్ని అవ్వ ఎన్నడూ తిట్టలేదు. కూలి డబ్బులు ఇంటికి వచ్చింది ఆ కాలంలోనే అనేది. తాగేవాళ్లు మానలేదా అంటే నవ్వేది. హొగెనకల్ దగ్గర కావేరి దాటితే కోయంబత్తూరు జిల్లా, హోసూరు దాటితే మైసూరు సంస్థానం. రెండుచోట్లా అంగళ్లు తెరిచే ఉండేవి.

హాలండువాళ్ల సంగతి చదివినప్పుడు నాకు ఆ సున్నమే గుర్తొచ్చింది. 1976లో వాళ్లు చట్టం సవరించి హెరాయిన్ వంటివాటిని ఒక పక్కన, గంజాయిని ఒక పక్కన పెట్టారు. గంజాయి అమ్మడం తప్పే. కానీ షరతులకు లోబడి కొద్దికొద్దిగా అమ్మే 'కాఫీషాపు' మీద కేసు పెట్టరు. తమాషా ఏమంటే, ముందు వాకిట అమ్మకానికి ఓర్పు, వెనక వాకిట సరుకు తెచ్చుకుంటే నేరం! ఆ ముడి విప్పడానికి కొన్ని ఊళ్లలో లైసెన్సు సాగును ప్రయోగంగా మొదలుపెట్టింది 2023 చివర్లో. మన గుట్టుకన్నా వాళ్ల ఓర్పు మేలనే నాకు తోస్తుంది, వెనక వాకిలి తప్ప.

ఇక్కడ నిషేధాన్ని 1971లో ఎత్తేశారు, 1974లో మళ్లీ పెట్టారు. 1987 నుంచి తమిళనాట కల్లు నిషిద్ధం. 2003 నుంచి సీసా మద్యం చిల్లరగా అమ్మేది ప్రభుత్వమే. అవ్వ పుట్టిన ఊళ్లో ఈతచెట్లు ఇంకా ఉన్నాయి, గీసేవాళ్లు లేరు. వాళ్ల నాయన గీతకత్తి మా అటక మీద ఉంది.