కనబడుటలేదు: గోడ మీది ఫొటో వెనుక చట్టం

అమెరికాలో 1984లో అయోవా రాష్ట్రపు పాల డబ్బాల మీద తప్పిపోయిన బాలుర ఫొటోలు అచ్చువేయడంతో ఊపందుకున్న ప్రచారం 1996 జనవరి 19న ప్రభుత్వ గోడలకు చేరింది. ఫెడరల్ ప్రభుత్వ భవనాల్లో తప్పిపోయిన పిల్లల పోస్టర్లు పెట్టాలని అధ్యక్షుడు క్లింటన్ ఆనాడు ఆదేశించాడు. భారత సుప్రీంకోర్టు 2002 నవంబరు 14న హోరీలాల్ కేసులో ఇచ్చిన ఆదేశం మాత్రం ప్రయాణికుల దారుల వైపు చూసింది. ఫిర్యాదు అందిన వారంలోగా తప్పిపోయినవారి ఫొటోను పత్రికలకు, టీవీకి ఇవ్వడంతోపాటు రైల్వే స్టేషన్లు, అంతర్రాష్ట్ర బస్టాండ్లు, విమానాశ్రయం, ప్రాంతీయ పాస్‌పోర్టు కార్యాలయం వంటి చోట్ల ప్రచారం కల్పించాలని, ఆడపిల్లల విషయంలో తల్లిదండ్రుల లేదా సంరక్షకుల రాతపూర్వక అంగీకారం తప్పనిసరని అది చెప్పింది.

విజయవాడ విమానాశ్రయం, 16వ నంబరు జాతీయ రహదారి, విశాఖ వైపు రైలు మార్గం మూడూ ఉన్న గన్నవరానికి ఈ జాబితా చాలావరకు సరిపోతుంది. ఇక్కడ మాయమైన పిల్లవాణ్ని రైలెక్కిస్తే, విజయవాడ జంక్షన్ నుంచి చెన్నై వైపో హైదరాబాద్ వైపో తీసుకుపోవడానికి ఎంతోసేపు పట్టదు. కనుక స్థానికంగా తప్పిపోయిన పిల్లల ఫొటో టికెట్ కౌంటరు పక్కన ఉండాలి. తహసీల్దారు కార్యాలయం నోటీసు బోర్డుకు తగినవి పై జిల్లాల, పై రాష్ట్రాల పిల్లల ఫొటోలు, ఎందుకంటే ఇటుక బట్టీలోనో హోటల్లోనో కొత్తగా చేరిన పిల్లవాణ్ని ఆనవాలు పట్టగలిగేది అక్కడికి పనుల మీద వచ్చే చుట్టుపక్కల ఊళ్లవాళ్లే.

పోస్టరు మీద వయసు, ఎత్తు, మేనిఛాయ, బట్టల రంగు, పుట్టుమచ్చ వరుసగా రాస్తారు. వీటిలో బట్టల రంగు ఒకటి రెండు రోజులకే అక్కరకొస్తుంది, పుట్టుమచ్చ ఏళ్లు గడిచినా పనికొస్తుంది, అయినా రెంటికీ ఒకే సైజు అక్షరాలు! ఆచూకీ దొరికాక కాగితం చింపేయడం కూడా ముఖ్యమే. ఎందుకంటే సంరక్షణ అవసరమైన పిల్లల గుర్తింపు బయటపెట్టడాన్ని 2015 నాటి బాలల న్యాయ చట్టం 74వ సెక్షను నిషేధిస్తోంది.

పోస్టరుకు ముందు ఫిర్యాదు నమోదు కావాలి. తప్పిపోయిన ప్రతి బిడ్డ విషయంలోనూ ఎఫ్ఐఆర్, అంటే ప్రథమ సమాచార నివేదిక, నమోదు చేసి, అపహరణో అక్రమ రవాణానో జరిగిందన్న భావనతోనే దర్యాప్తు మొదలుపెట్టాలని సుప్రీంకోర్టు 2013 మే 10న ఆదేశించాకే ఈ మెట్టు గట్టిపడింది. అయితే ఇల్లు విడిచి తానై వచ్చి విజయవాడ ప్లాట్‌ఫారాల మీద తేలే పిల్లవాడి సంగతి వేరు. ఇంటివాళ్లు పోలీసు స్టేషను గడప తొక్కకపోతే అతడి ఫొటో ఏ గోడకూ ఎక్కదు.