అప్పుడప్పుడు మోగే ఫోనుకు చౌక సిమ్ము

విత్తనానికి ఎంత, ఎరువుకు ఎంత, కూలికి ఎంత అని ఎకరం లెక్కన మనము కాగితము మీద వేసుకుంటాము. కాని ఇంట్లో గూటిలో ఉన్న చిన్న బటన్ ఫోనుకు ఏడాదికి ఎంత పోస్తున్నామో లెక్క చూసుకునేవారు తక్కువ. కొడుకు బోరబండలో అద్దెకుండి సనత్‌నగర్‌లో పనికి పోతుంటాడు. అమ్మ పల్లెలో ఉంటుంది. ఆమె ఫోను వారానికి రెండుసార్లు మోగుతుంది. బోరు మోటారు స్టార్టరు డబ్బాలో ఇంకొక సిమ్ము ఉంటుంది. అది తనంతట తాను ఎవరికీ ఫోను చేయదు. మీరు చేసిన కాలు అందుకుని మోటారు వేస్తుంది, ఆపుతుంది. ఇటువంటివాటికి చౌకైన సిమ్ము ఏదండీ అని రైతులు నన్ను అడుగుతూ ఉంటారు.

దీనికి జవాబు ఒక్క మాటలో చెప్పవచ్చును. కాని ఆ జవాబు ఎన్నిమార్లు మారిందో, ఎందుకు మారిందో తెలిస్తే, రేపు మళ్లీ మారినప్పుడు మీరే తేల్చుకోగలుగుతారు. అందుచేత ముందు చరిత్ర చెప్పి, తరువాత లెక్కకు వస్తాను.

మొదటి రోజులు

సిమ్ము అనే చిన్న బిళ్ల 1991లో పుట్టింది. జర్మనీలోని మ్యూనిక్‌లో తయారయి ఫిన్లాండు దేశపు ఫోను కంపెనీకి చేరింది. ముందు డబ్బు కట్టి తరువాత మాట్లాడే పద్ధతి 1995లో పోర్చుగల్‌లో పేరుకు వచ్చింది. మన దేశములో మొదటి సెల్‌ఫోను కాలు 1995 జూలై 31న నడిచింది. కలకత్తా నుండి ముఖ్యమంత్రి జ్యోతిబసు ఢిల్లీలోని కేంద్రమంత్రి సుఖ్‌రాంతో మాట్లాడారు. అప్పటి ఆంధ్రప్రదేశ్ సర్కిలులో లైసెన్సు దొరికినవి రెండు కంపెనీలు: టాటా సెల్యులార్, జె.టి. మొబైల్స్. తరువాత మొదటిది ఐడియాలోను, రెండవది ఎయిర్‌టెల్‌లోను కలిసిపోయాయి. రాష్ట్రము రెండైనా, ఫోను లెక్కలో రెండు రాష్ట్రాలూ ఈనాటికీ ఒకే సర్కిలు.

ఆ రోజులలో ఫోను చేసినవాడికే కాదు, ఎత్తినవాడికి కూడ డబ్బు పడేది. అంటే అరుదుగా వాడే ఫోను అన్న మాటే లేదు, మోగితే ఖర్చే. అందుకే సామాన్యుడు పసుపు బోర్డు ఎస్.టి.డి. బూతునో, రూపాయి బిళ్ల వేసే పెట్టెనో నమ్ముకున్నాడు. 1999 జనవరి 26న రైతుబజార్లు మొదలైనాయి. అప్పుడు తెల్లవారుజామున ఎర్రగడ్డకు కూరగాయలు తెచ్చే రైతుకు, ఇవాళ ధర ఎట్లా ఉందో ఇంటివద్దనే తెలుసుకునే దారి దాదాపు లేదు.

ఎత్తితే ఉచితము

మార్పు 2003 మే 1న వచ్చింది. చేసినవాడే కట్టాలి, ఎత్తినవాడికి ఉచితము అనే పద్ధతి అమలులోకి వచ్చింది. అదే ఏడు రిలయన్సువారు 501 రూపాయలకు ఫోను అని చాటారు. అప్పటినుంచే మిస్డ్ కాల్ మన భాషలో మాట అయింది. బోరబండ నుంచి కొడుకు చేస్తాడు, పల్లెలో అమ్మ ఎత్తుతుంది. అమ్మకు పైసా ఖర్చు లేదు. అరుదుగా వాడే ఫోనుకు నిజమైన చౌకదనము అక్కడ మొదలైంది.

కాని గడువు చిక్కు మిగిలింది. బ్యాలెన్సు ఉన్నా గడువు దాటితే ఫోను మూగదే. 2005 డిసెంబరులో ఎయిర్‌టెల్‌వారు 999 రూపాయలకు జీవితకాల గడువు అని అమ్మారు. తక్కినవారు వెంట వచ్చారు. ఇక్కడ ఒక మాట గమనించండి. జీవితకాలము అంటే ఎవరి జీవితము? మీది కాదు, సిమ్ముదీ కాదు, కంపెనీ లైసెన్సుది. లైసెన్సు ఉన్నంతకాలము అని అర్థము.

2009 జూన్‌లో టాటా డొకొమో సెకనుకు ఒక పైస అన్నది. అంతకుముందు పది సెకన్లు మాట్లాడినా నిమిషము డబ్బు పోయేది. "స్టార్టరు వెయ్యి" అని ఒక్క మాట చెప్పి పెట్టేసే మనకు ఇది మేలైంది. 2011 జనవరి 20 నుండి నంబరు మారకుండా కంపెనీ మార్చుకునే వీలు దేశమంతటా వచ్చింది. వ్యవసాయానికి కూడ ఫోను పనికివచ్చింది. 2004 జనవరిలో కిసాన్ కాల్ సెంటరు తెరిచారు. 2007లో ఇఫ్కోవారు ఎయిర్‌టెల్‌తో కలిసి కిసాన్ సంచార్ పెట్టి, పంటల మాటలు వినిపించే పచ్చ సిమ్ములు ఇచ్చారు.

2013 నియమము

ఈ చరిత్రలో మనకు అన్నిటికంటె ముఖ్యమైనది, తక్కువమందికి తెలిసినది ఇది. ఫోను కంపెనీలను అదుపులో ఉంచే ట్రాయ్ సంస్థ 2013 ఫిబ్రవరిలో ఒక నియమము చేసింది. ప్రీపెయిడ్ నంబరును 90 రోజులకంటె తక్కువ కాలము వాడలేదని చెప్పి రద్దు చేయరాదు. 90 రోజులు దాటినా, ఖాతాలో 20 రూపాయలు ఉంటే రద్దు చేయరాదు. ఆ 20 తీసుకొని ఇంకొక 30 రోజులు నంబరు నిలపవలెను. బ్యాలెన్సు లేక రద్దయినా, 15 రోజులలోగా అడిగితే తిరిగి ఇవ్వవలెను. 2025 జనవరిలో ఇదేదో కొత్త నియమమని ఊరూరా వాట్సాపులో తిరిగింది. కొత్తది కాదండీ, పాతదే.

అయితే ఒక తేడా తెలుసుకోవలెను. నంబరు ప్రాణము వేరు, కాల్సు వచ్చే గడువు వేరు. ఆ 20 రూపాయలు నంబరు వేరొకరికి పోకుండా కాపాడతాయి; మాట్లాడే గడువును మాత్రము ఇవ్వవు. ఒట్టిపోయిన గేదె పశువుల కొట్టములోనే ఉంటుంది గాని పాలు ఇవ్వదు కదా! అట్లాంటిదే.

ధర ఎందుకు పెరిగింది

2016 సెప్టెంబరు 5న జియో వచ్చింది. మాట ఉచితము, డేటాకే డబ్బు అన్నది. పోటీకి తట్టుకోలేక కొన్ని కంపెనీలు పోయాయి. ఎయిర్‌సెల్ 2018లో మూతపడింది. టెలినార్, టాటా డొకొమో ఎయిర్‌టెల్‌లో కలిశాయి. వొడాఫోను, ఐడియా ఒకటైనాయి. చివరికి మూడు ప్రైవేటు కంపెనీలు, ఒక ప్రభుత్వ బీ.ఎస్.ఎన్.ఎల్. మిగిలినాయి. సంతలో కొనేవారు తగ్గితే పంట ధర ఏమవుతుందో మీకు తెలుసు. అమ్మేవారు తగ్గితే అది తలకిందులు.

మాటకు డబ్బు రాకపోయేసరికి, ఎత్తడానికే ఉంచుకున్న సిమ్ములు కంపెనీలకు బరువు అనిపించాయి. 2018 నవంబరులో ఎయిర్‌టెల్, వొడాఫోన్ ఐడియా నెలకు కనీసము 35 రూపాయలు వేయవలెనన్నాయి. జీవితకాల గడువు నమ్ముకున్నవారి చౌకదనము అక్కడితో ముగిసింది. ఆ కనీసపు ధర మెట్టుమెట్టుగా ఎక్కింది. 2024 జూలైలో ఎయిర్‌టెల్‌వారి 28 రోజుల 179 ప్లాను 199 అయింది.

ఇక్కడ 28 రోజుల మాయ చూడండి. మన నెలకు 30 రోజులు. కంపెనీ నెలకు 28. అందుచేత ఏడాదిలో 12 కాదు, 13 రీచార్జీలు పడతాయి. 199 చొప్పున 13 మార్లంటే 2,587 రూపాయలు. కనీసము ఒక ప్లాను 30 రోజులకు పెట్టవలెనని ట్రాయ్ 2022 జనవరిలో ఆజ్ఞ ఇవ్వవలసి వచ్చింది.

2024 డిసెంబరు 23న ఇంకొక ఆజ్ఞ వచ్చింది. డేటా అక్కరలేనివారికి మాట, సందేశము మాత్రమే ఉన్న ప్లాను ఇవ్వవలెను. దాని గడువు 365 రోజులదాకా ఉండవచ్చును. దానిమీద 2025 జనవరిలో ఎయిర్‌టెల్ 365 రోజులకు 1,849 రూపాయలు, జియో 336 రోజులకు 1,748 రూపాయలు అని ధరలు పెట్టాయి. రోజుకు సుమారు 5 రూపాయలు. 28 రోజుల దానితో పోలిస్తే ఏడాదికి 700 పైన మిగులు. ఆ రోజులలోనే బీ.ఎస్.ఎన్.ఎల్.లో 365 రోజులకు 1,198 రూపాయల ప్లాను ఉండేది. అంటే నెలకు నూరు. ధరలు మారుతూ ఉంటాయి. దుకాణములో ఆనాటి ధర అడిగే కొనండి.

నంబరు పోతే ఏమి పోతుంది

చౌక అని మరీ చూసి నంబరు పోగొట్టుకోవద్దు. బ్యాంకు ఓ.టి.పి. ఆ నంబరుకే వస్తుంది. పీ.ఎం. కిసాన్ డబ్బు ఏడాదికి 6,000. దానికి ఈ-కేవైసీ ఓ.టి.పి.తో చేయాలంటే ఆధార్‌కు కలిపిన నంబరు బతికి ఉండవలెను. వేలిముద్ర దారి ఉన్నది గాని, అమ్మ అంత దూరము నడిచి పోవలెను. రద్దయిన నంబరును 90 రోజులు ఎవరికీ ఇవ్వరు. ఆ తరువాత కొత్తవాడికి ఇస్తారు. అప్పుడు మీ బ్యాంకు సందేశము వాడి ఫోనుకు పోతుంది. అందుకే 2025 ఏప్రిల్ నుంచి బ్యాంకులు, యు.పి.ఐ. కంపెనీలు రద్దయిన నంబర్ల జాబితాను వారం వారం సరిచూడవలెనని ఏర్పాటు చేశారు.

కాబట్టి ఇట్లా చేయండి. మొదట ఆ ఇంట్లో, ఆ బావి దగ్గర ఏ కంపెనీ సిగ్నలు నిలుస్తుందో చూడండి. సిగ్నలు లేని చౌక సిమ్ము మొలకెత్తని విత్తనము. జియోకు 4జి ఫోను కావలెను; పాత 2జి బటన్ ఫోనులో, పాత స్టార్టరులో అది పనిచేయదు. డేటా లేని ఏడాది ప్లాను ఉన్నదా అని నోరు తెరిచి అడగండి. అడగనిదే అంగడివాడు చెప్పడు. ధర కాదు, ధరను గడువు రోజులతో భాగించి రోజు ఖర్చు చూడండి. గడువు తేదీని గోడ క్యాలెండరులో, విత్తే తేదీ పక్కన రాసి పెట్టండి. ఖాతాలో 20 రూపాయలకు తగ్గకుండా ఉంచండి. నెలకొకసారి ఆ ఫోనునుంచి ఒక కాలు చేయండి. కంపెనీ మార్చదలచితే, సిమ్ము బతికి ఉండగానే మార్చండి. నంబరు మార్చక తప్పకపోతే ముందు బ్యాంకులోను, ఆధార్‌లోను మార్పించి, తరువాతనే పాత సిమ్ము వదలండి.

బోరబండలో ఉన్న పిల్లలకు కూడ ఒక మాట. అమ్మ ఫోనుకు రీచార్జి మీరు అక్కడనుంచే వేయవచ్చును. ఏడాదికొకసారి, సంక్రాంతికి వేసే అలవాటు చేసుకోండి. అమ్మకు గడువు బెంగ ఉండదు, మీ ఫోను ఎప్పుడూ అందుతుంది.