తనిఖీ మన మాటే, మరి పని?

తెలుగువాళ్ళు రోజూ వాడే ‘తనిఖీ’ మన దగ్గర్నుంచి వెళ్ళిన మాటే. అరబీ ‘తన్‌ఖీహ్’ అంటే పనికిరానిది తీసేసి శుభ్రం చేయడం. ఉర్దూ దఫ్తర్లలో అది విచారణ అయింది, తెలుగులో తనిఖీ అయింది. దరఖాస్తు, నక్షా, మంజూరు కూడా ఆ దఫ్తర్ల నుంచే వచ్చాయి. మా మల్యాలలో ఇల్లు కట్టుకునే ఏ ఖాందాన్‌కైనా ఈ మాటలతో పని పడుతుంది. విలేకరిగా నేను తిరిగిన ఊళ్ళలో దరఖాస్తు, నక్షా, మంజూరు మూడూ జరుగుతాయి. తనిఖీ మాత్రం గోడల దగ్గరే ఆగిపోతుంది. సెప్టిక్ ట్యాంకు మీద మూత పడ్డాక లోపల ఏం కట్టారని అడిగేవాళ్ళుండరు.

మన బుజుర్గులు ఈ మసలాని తేలిగ్గా వదల్లేదు. బావికీ మురుగు గుంతకీ మధ్య ఎంత ఎడం ఉండాలన్న సవాల్ హనఫీ ఫిఖ్ కితాబుల్లో ఉంది. ఒక రివాయత్ ఐదు మూరలంటుంది, ఇంకొకటి ఏడు. 11వ శతాబ్దపు బుఖారా ఆలిమ్ శమ్సుల్ అయిమ్మా హల్వానీ అసలు లెక్క మూరలది కాదన్నారు. నీటి రుచి, రంగు, వాసన మారాయా లేదా చూడాలి. మారితే పది మూరలున్నా నాజాయిజే. నేల మెత్తనా గట్టిదా అన్నదాన్ని బట్టి దూరం మారుతుందని దమిష్క్‌కు చెందిన ఇబ్నె ఆబిదీన్ 19వ శతాబ్దంలో రాశారు. అంటే కాగితం మీది కొలత చాలదు, వెళ్ళి చూడాలి. తనిఖీ అంటే అదే.

రుచి, రంగు మారకుండానే హైజా నీళ్ళలో దాగి రావచ్చని తర్వాత సైన్సు చెప్పింది. అందుకే ఇంకుడు గుంత తాగునీటి బావికి కనీసం 18 మీటర్ల దూరంలో ఉండాలని భారతీయ ప్రమాణాలు అంటాయి. అది సుమారు 40 మూరలు. బంజరు నేలలో తవ్విన బావి చుట్టూ ఫిఖ్ వదలమన్న ‘హరీమ్’ కూడా 40 మూరలే. ఇత్తిఫాకే కావచ్చు, గుర్తుంచుకోవడానికి మాత్రం బాగుంది.

ట్యాంకు సంగతికొస్తే, 1860 ప్రాంతంలో ఫ్రాన్స్‌లో జాఁ లూయీ మూరా తన ఇంటికి కట్టుకున్నదే దీనికి మొదటి రూపం అంటారు. 1890ల్లో ఇంగ్లండ్‌లోని ఎక్సెటర్‌లో డొనాల్డ్ కామెరాన్ దానికి సెప్టిక్ ట్యాంక్ అని పేరు పెట్టారు. మడ్డి అడుగున పేరుకుంటుంది, పైనీరు ఇంకుడు గుంతలోకి పోతుంది. రెండు మూడేళ్ళకోసారి మడ్డి తీయాలి. మన దగ్గర అడుగు వేయకుండా సిమెంటు రింగులు దించి దాన్నే ట్యాంకు అనేస్తాం.

హైదరాబాద్‌కి 1869లోనే, మొదటి సాలార్ జంగ్ కాలంలో, బల్దియా వచ్చింది. 1908 సెప్టెంబర్ 28 నాటి మూసీ తుగ్యానీ తర్వాత నిజాం సర్కార్ పిలిపించిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య వరదకే కాదు, భూగర్భ మోరీలకూ నక్షా గీశారు. ఆ మోరీలు షహర్‌వి. జగిత్యాల, కోరుట్ల వైపు వాటి ఊసే లేదు.

కస్బాల్లో పర్దా పాటించే ఇళ్ళ ఔరతులు బయటికి పోలేరు కాబట్టి ఇంట్లోనే బైతుల్‌ఖలా ఉండేది. దాన్ని రోజూ ఎవరో ఎత్తి మోయాలి. మోసినవాణ్ణి ‘మెహతర్’ అన్నారు. ఫార్సీలో ఆ మాటకు ‘గొప్పవాడు’ అని అర్థం. అక్బర్ ‘హలాల్‌ఖోర్’ అని పేరు పెట్టాడని అబుల్ ఫజల్ రాశాడు. పేర్లు మారాయి, తల మీద తట్ట మారలేదు. మన తహారత్ ఇంకొకరి తల మీద నడిచింది.

తట్టను నిషేధిస్తూ 1993లో చట్టం వచ్చింది. రక్షణ లేకుండా మనిషిని సెప్టిక్ ట్యాంకులోకి దించడమే నేరమని 2013 చట్టం చెప్పింది. దీనికోసం పోరాడిన సఫాయి కర్మచారి ఆందోళన్ నాయకుడు బెజవాడ విల్సన్ కోలారు బంగారు గనుల్లో పుట్టిన తెలుగు బిడ్డ. 2016లో ఆయనకు మెగసెసే అవార్డు వచ్చింది. మురుగు గుంతల్లో చనిపోయినవారి కుటుంబాలకు 10 లక్షలివ్వాలని 2014లో సుప్రీంకోర్టు చెప్పింది. 2023లో దాన్ని 30 లక్షలు చేసింది. మొత్తం పెరిగిందంటే మౌత్‌లు ఆగలేదనే అర్థం.

దారి లేకపోలేదు. వరంగల్ 2016లో మడ్డి నిర్వహణకు కాయిదాలు చేసింది. ట్యాంకులు తోడే బండ్లకు లైసెన్సు, పనివాళ్ళకు రక్షణ సామాను తప్పనిసరి చేసింది. మన పక్కన సిరిసిల్లలో మడ్డిని శుద్ధి చేసే కేంద్రం ఉంది.

‘హమ్‌సాయా’ అంటే ఒకే నీడలో ఉండేవాడు. ఈ బోర్ల జమానాలో ఒకే నీరు తాగేవాడు కూడా. అతని నీటి హక్, ట్యాంకు తోడే మనిషి జాన్ హక్ రెండూ మన ఇంటి మూత కిందే ఉన్నాయి. కొత్త ఇల్లు కడుతున్నవాళ్ళు మూత వేయకముందే పంచాయతీవాళ్ళను పిలిచి చూపించండి. పాత ఇళ్ళవాళ్ళు ట్యాంకు నుంచి బోరు దాకా ఒకసారి కొలిచి చూడండి. నిండితే బండిని పిలవండి, మనిషిని దించకండి. మస్జిద్ వుజూఖానా వెనకున్న గుంతకూ ఇదే కాయిదా.