రాతి మీద ఒక మాట

వాషింగ్టన్ చూడడానికి చుట్టాలు వస్తే ఆర్లింగ్టన్ సైనిక శ్మశానానికి తీసుకెళ్తాం. కెనెడీ సమాధి దగ్గర ఫొటోలు దిగి వచ్చేస్తాం. అక్కడే ఆరుగురికి కలిపి నిలబెట్టిన రాయి ఒకటుంది. మొదట్లో దాని మీద, వాళ్ళు తూర్పు మధ్యధరా సముద్రంలో మరణించారని మాత్రమే చెక్కారు. ఎలా మరణించారో లేదు, ఓడ పేరూ లేదు.

ఆ ఓడ లిబర్టీ, అమెరికా నౌకాదళపు గూఢచారి నౌక. 1967 జూన్ 8న, ఆరు రోజుల యుద్ధం జరుగుతుండగా, సినాయ్ తీరానికి దూరంగా అంతర్జాతీయ జలాల్లో ఉంది. ఇజ్రాయెల్ విమానాలు దాని మీద కాల్పులు జరిపాయి. వెనకే టార్పెడో పడవలు వచ్చాయి. 34 మంది చనిపోయారు, 170 మందికి పైగా గాయపడ్డారు. ఈజిప్టు ఓడ అనుకున్నామంటూ ఇజ్రాయెల్ క్షమాపణ చెప్పింది.

మూడేళ్ళ ముందు, 1964 ఆగస్టులో, టోంకిన్ సింధుశాఖలో తమ ఓడల మీద ఉత్తర వియత్నాం రెండుసార్లు దాడి చేసిందని అమెరికా ప్రకటించింది. ఒక్క అమెరికన్ కూడా చనిపోలేదు. రెండో దాడి అసలు జరగలేదని తర్వాత తేలింది. అయినా అధ్యక్షుడు జాన్సన్ బాంబులు వేయించాడు. లిబర్టీ నాటికీ అధ్యక్షుడు ఆయనే. ఈసారి నిరసన లేఖతో, నష్టపరిహారంతో సరిపెట్టుకున్నాడు. మృతుల కుటుంబాలకు 1968లో దాదాపు 33 లక్షల డాలర్లు వచ్చాయి. శిక్ష మాత్రం ఎవరికీ పడలేదు.

పొరపాటే కావచ్చు. అమెరికా నౌకాదళ విచారణ కూడా అదే చెప్పింది. బతికినవాళ్ళలో చాలామంది మాత్రం నమ్మలేదు, అప్పటి విదేశాంగ మంత్రి డీన్ రస్క్ కూడా నమ్మలేదు. ఆ తగువు తీర్చడం నా వల్ల కాదు. నా ప్రశ్న వేరు. పొరపాటే అయితే, ఆ మాట చెప్పుకోవడానికి అంత మొహమాటం దేనికి? ఓడ కెప్టెన్ మెక్‌గొనగల్‌కు దేశపు అత్యున్నత శౌర్య పతకం ఇచ్చారు. వైట్‌హౌస్‌లో కాదు, నేవీ యార్డులో. ప్రశంసాపత్రంలో విమానాలున్నాయి, టార్పెడో పడవలున్నాయి. అవి ఏ దేశానివో లేదు.

శత్రువు చంపితే ప్రభుత్వం పేరు పెట్టి చెబుతుంది. స్నేహితుడు చంపితే వాక్యంలో కర్త మాయమవుతాడు.

సహచరులు పట్టుబట్టగా 1982లో ఆ రాతి మీది మాట మార్చారు. ఇప్పుడు "చంపబడ్డారు" అని ఉంది, ఓడ పేరూ ఉంది. ఒక్క మాట మారడానికి పదిహేనేళ్ళు పట్టింది. ఎవరు చంపారో ఇప్పటికీ లేదు.

ఈసారి చుట్టాలొస్తే ఆ రాయి దగ్గర కూడా కాసేపు ఆగాలి.