బీచ్ రోడ్డుకు అటు చివర

విశాఖ ఆర్కే బీచ్ దగ్గర బయల్దేరిన బీచ్ రోడ్డు పాతిక కిలోమీటర్ల దాకా సముద్రాన్ని ఒరుసుకుంటూ వచ్చి మా భీమిలి చేరుతుంది. సెలవు రోజున కార్లలో వచ్చేవాళ్లు గడియార స్తంభం దగ్గర ఫొటో దిగి, బజ్జీలు తిని, బండి వెనక్కి తిప్పేస్తారు. వాళ్ల లెక్కలో మాది చివరి ఊరు. ఈ రోడ్డు లేని రోజుల్లో మా ఊరికి దారి సముద్రమే. ఆ లెక్కన మాదే మొదటి ఊరు.

17వ శతాబ్దంలో డచ్చివారు ఇక్కడ వర్తక స్థావరం పెట్టుకున్నారు. 1825లో ఇంగ్లీషువారికి అప్పజెప్పి పోయారు. పోనివాళ్లు సముద్రపు ఒడ్డునే, కోసు గోపురాల్లాంటి సమాధుల కింద ఉన్నారు. రేవు అనగానే జెట్టీలూ క్రేన్లూ ఊహించుకోకండి. ఓడలు దూరాన లంగరు వేసేవి. సరుకంతా పడవల మీద కెరటాలు దాటించాల్సిందే. గోగునార, నువ్వులు, కరక్కాయలు అలాగే వెళ్లాయి. మా గోగునారను బయటి మార్కెట్లలో ‘బిమ్లీ జూట్’ అన్నారు. తోళ్లు పదును చేసేవాళ్లకు కరక్కాయల్లో ‘భిమ్లీలు’ ఒక రకం. 1861కే ఇక్కడ మునిసిపాలిటీ ఉంది. ఇప్పుడది విశాఖ మహానగరంలో కలిసిపోయింది.

మా రేవును తుఫాను ముంచలేదు, రైలు ముంచింది. 1890ల్లో పట్టాలు విజయనగరం మీదుగా పోయాయి, మమ్మల్ని పక్కన పెట్టేశాయి. 1933లో విశాఖ రేవు తెరిచారు. ఓడ నేరుగా గట్టుకు ఆనే చోటు దొరికాక పడవల్లో సరుకు మోయించే షావుకారు ఎవరుంటారు? ఆ సరుకు పోయింది, చేపల వేట మిగిలింది. ఏప్రిల్ 15 నుంచి 61 రోజులు వేట నిషేధం కాబట్టి మర పడవలు ఒడ్డునే కనబడితే పాడుబడ్డాయనుకోకండి.

ఇక రోడ్డు మీద చూడాల్సినవి. రుషికొండ సంగతి రాష్ట్రమంతా విన్నదే, నేను చెప్పేదేమీ లేదు. తొట్లకొండ మాత్రం తప్పక ఎక్కండి. 1970ల్లో నేవీ సర్వేలో బయటపడిన ఈ బౌద్ధారామంలో వాననీటి కోసం రాతిలో తొలిచిన తొట్లు నేటికీ ఉన్నాయి. తవ్వకాల్లో శాతవాహనుల నాణేలతో పాటు రోమన్ వెండి నాణేలూ దొరికాయి. అంటే డచ్చివారికి ఎన్నో వందల ఏళ్ల ముందే ఈ తీరానికి దూరదేశపు సొమ్ము వచ్చింది.

అసలు ఆగాల్సిన చోటు ఎర్రమట్టి దిబ్బలు. వేల ఏళ్లపాటు పోగుపడిన ఇసుకకు ఇనుము పట్టి ఈ ఎరుపు వచ్చింది. ఇలాంటివి మన ఉపఖండంలో తమిళనాడులో, శ్రీలంకలో తప్ప చూడలేం. వాన కోసిన గండ్లలో నడుస్తుంటే రెండు పక్కలా ఎర్రగోడలే. పాటల చిత్రీకరణ వల్ల వీటికి పేరొచ్చింది కానీ కాపలా రాలేదు. 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలో చేరాయి. అయినా పక్కనే నేల చదును చేసే యంత్రాల చప్పుడు వింటూనే ఉన్నాం. రాయి కాదిది, ఒకసారి చదును చేస్తే మళ్లీ పేర్చేవాడు లేడు.

వచ్చేవారికి ఒక మాట. విశాఖ నుంచి బీచ్ రోడ్డున రావద్దు. హైవే మీద తగరపువలస దాకా వచ్చి, భీమిలిలో దిగి, డచ్చి సమాధులు, గోస్తనీ నది సముద్రంలో కలిసే చోటు చూసుకుని, మధ్యాహ్నం తర్వాత బీచ్ రోడ్డున విశాఖ వైపు వెళ్లండి. అప్పుడు సముద్రం మీ ఎడమ పక్కనే ఉంటుంది, ఎదురు బండ్లు అడ్డురావు. ఎండ కొండల వైపు నుంచి పడుతుంది కాబట్టి నీళ్లు చక్కగా కనిపిస్తాయి. దిబ్బల దగ్గర మాత్రం బండి రోడ్డు మీదే ఆపి నడిచి వెళ్లండి, గోడలు ఎక్కకండి.