మనిషి ఆలోచనలోని పొరపాట్లు – బోరుబావి లెక్క

మనిషి మనస్సు ప్రతి విషయాన్నీ కూలంకషంగా విచారించి నిర్ణయానికి రాదు. అంత తీరిక దానికి ఉండదు. ముందుగా జ్ఞాపకానికి వచ్చినదానిని, ఇదివరకే నమ్మినదానిని, పోగొట్టుకున్నదాని మీది బాధను ఆధారం చేసుకొని అడ్డదారిన తీర్పు చెబుతుంది. చాలాసార్లు ఆ తీర్పు సరిగానే ఉంటుంది. కొన్ని సందర్భాలలో మాత్రం ప్రతిసారీ ఒకే వైపునకు ఒరుగుతుంది. ఇటువంటి పొరపాట్లనే మనస్తత్వ శాస్త్రజ్ఞులు ఆలోచనా పక్షపాతాలు అంటారు. ఇవి చదువు లేనివారికే పరిమితం కావు. గణాంక శాస్త్రంలో ఆరితేరినవారు సైతం వీటికి లోబడతారని ఇజ్రాయెల్‌కు చెందిన డేనియల్ కానమన్, ఏమోస్ ట్వెర్‌స్కీ 1970వ దశకంలో నిరూపించారు. ఈ కృషికి కానమన్‌కు 2002లో అర్థశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది. ట్వెర్‌స్కీ 1996లోనే మరణించారు.

చిక్కబళ్లాపురం, బాగేపల్లి, చింతామణి ప్రాంతాలలో ఈ పొరపాట్ల ఖరీదు ఎంతో తెలుసుకోవాలంటే బోరుబావిని చూడాలి. నంది కొండల ప్రాంతంలో పుట్టే చిత్రావతి, పాపాగ్ని, ఉత్తర పినాకిని సంవత్సరం పొడవునా పారే నదులు కావు. భూమి లోపల ఉన్నది గట్టి రాయి. ఆ రాతిలో నీరు చెరువులో వలె పరచుకొని ఉండదు. పైనున్న మెత్తబడిన పొరలోను, కింది పగుళ్లలోను మాత్రమే నిలుస్తుంది. దశాబ్దాల తోడకంతో పై పొర ఎండిపోగా, ఇప్పుడు వెయ్యి అడుగులు దాటిన బోర్లు ఇక్కడ వింత కాదు. పగులు తగిలితే నీరు, తగలకపోతే దుమ్ము.

ఒక కుటుంబం ఎనిమిది వందల అడుగుల వరకు వేయించిందనుకుందాం. దుమ్మే లేస్తున్నది. అప్పుడు పొలంలో వినిపించే మాట ఒకటే: "ఇంత దూరం వచ్చినాము, ఇంకో వంద అడుగులు పోనీ." ఈ మాటలో ఉన్న పొరపాటుకు మునిగిన ఖర్చు భ్రమ అని పేరు. ఎనిమిది వందల అడుగులకు పెట్టిన డబ్బు ఆగినా తిరిగి రాదు, సాగినా తిరిగి రాదు. కాబట్టి తేల్చవలసిన ప్రశ్న వేరు: ఇంకో వంద అడుగులకు అయ్యే ఖర్చు, ఆ వంద అడుగులలో నీరు పడే అవకాశానికి తగినదేనా? కాని మనస్సు ఈ ప్రశ్నను దాటవేసి, పోయినదానిని రాబట్టుకోవాలని చూస్తుంది. లాభం ఇచ్చే సంతోషం కంటె అంతే నష్టం ఇచ్చే బాధ దాదాపు రెట్టింపు ఉంటుందని కానమన్, ట్వెర్‌స్కీ అంచనా వేశారు. ఆగడమంటే నష్టాన్ని ఒప్పుకోవడమే. అందుకే ఆగడం అంత కష్టం.

అమెరికాలో ఆర్కెస్, బ్లూమర్ అనే పరిశోధకులు 1985లో ఈ భ్రమను పరీక్షించారు. నూరు డాలర్లకు ఒక విహారయాత్ర టికెట్టు, యాభై డాలర్లకు మరొకటి కొన్నట్లు ఊహించుకొమ్మని విద్యార్థులకు చెప్పారు. రెండూ ఒకే వారాంతంలో పడ్డాయి, ఒకదానికే వెళ్లగలరు, యాభై డాలర్లదే ఎక్కువ ఆనందం ఇస్తుంది. అయినా సగానికి పైగా నూరు డాలర్లదానినే ఎంచుకున్నారు. బ్రిటన్, ఫ్రాన్సు ప్రభుత్వాలు కాంకార్డ్ విమానం మీద ఏళ్ల తరబడి డబ్బు పోసినదీ ఈ తీరునే కనుక, కొందరు దీనిని కాంకార్డ్ భ్రమ అనీ పిలుస్తారు. ప్రభుత్వాలకు ఖజానా ఉంటుంది. బాగేపల్లి రైతుకు కుదువ పెట్టిన బంగారమూ, వడ్డీ అప్పూ ఉంటాయి.

పైగా బోరు బండికి కూలి అడుగు లెక్కన. లోతు పెరిగేకొద్దీ అడుగు ధర కూడా పెరుగుతుంది. ఆపమని చెప్పడంలో లాభమున్నవారు ఆ రాత్రి పొలంలో ఎవరూ ఉండరు.

వరుసగా మూడు బోర్లు ఎండిపోతే నాలుగవదానిలో తప్పక పడుతుందనుకోవడం మరొక పొరపాటు. దీనిని జూదరి భ్రమ అంటారు. 1913 ఆగస్టు 18న మాంటీ కార్లో జూదశాలలో బంతి వరుసగా 26 సార్లు నలుపు గడిలోనే పడింది. ఇక ఎరుపే రావాలని పందెం కాసినవారు అపారంగా పోగొట్టుకున్నారు. బోరు విషయం ఇంకా కఠినమైనది. అదే పొలంలో, అదే రాతిలో మూడు ఎండిపోయాయంటే నాలుగవదాని మీద ఆశ తగ్గాలే గాని పెరగరాదు.

ఇక అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకొని, లేదా పంగల పుల్ల పట్టుకొని నీటి జాడ చూపేవారి సంగతి. వారిని మోసగాళ్లని కొట్టిపారేయడం న్యాయం కాదు. చాలామంది నిజంగానే నమ్మి చేస్తారు. తెలియకుండానే చేతి కండరాలు కొద్దిగా కదులుతాయనీ, పుల్లను కదిలించేది ఆ కదలికేననీ శాస్త్రజ్ఞులు పందొమ్మిదవ శతాబ్దంలోనే కనుగొన్నారు. చూసేవారి పొరపాటు వేరు. నీరు పడితే ఆ పేరు పది ఊళ్లకు పాకుతుంది. పడకపోతే "ఒక అడుగు పక్కకు వేశారు" అన్న సమాధానం సిద్ధంగా ఉంటుంది. నమ్మకాన్ని బలపరిచేది లెక్కకు వస్తుంది, కాదనేది రాదు. ఒక ఊళ్లో ఎక్కడ వేసినా పదింటిలో ఆరు బోర్లకు కొంత నీరు పడుతుందనుకుంటే, కొబ్బరికాయ చూపిన చోటా ఆరింటికి పడుతుంది. కాయ లేవని చోట బోరు వేసి చూసినవారు ఎవరు? ఆ పోలిక లేనిదే ఏమీ తేలదు.

జర్మనీలో 1987–88లో ఆ పోలిక చేశారు. సుమారు 500 మందిలో నుండి మేలైన 43 మందిని ఎంచి, మ్యూనిక్ సమీపంలో ఒక కొట్టపు పై అంతస్తులో నిలబెట్టారు. కింది అంతస్తులో నీటి గొట్టాన్ని ఇష్టం వచ్చిన చోటికి జరుపుతూ 843 సార్లు పరీక్షించారు. అత్యధికులు ఊహ కంటె మెరుగు కాలేదు. కొందరికి శక్తి ఉన్నదని నిర్వాహకులు వాదించారు గాని, ఆ అంకెలనే తిరిగి లెక్కించిన అమెరికా శాస్త్రజ్ఞుడు ఎన్‌రైట్ అది యాదృచ్ఛికమేనని చూపారు.

ఇటువంటి విచారణకు ఈ నేల కొత్తది కాదు. గౌరిబిదనూరు తాలూకా హొసూరులో 1920లో జన్మించిన భౌతిక శాస్త్రజ్ఞుడు డాక్టర్ హెచ్. నరసింహయ్య, బెంగళూరు విశ్వవిద్యాలయ ఉపకులపతిగా ఉండగా 1976లో అద్భుతాలను, మూఢనమ్మకాలను శాస్త్రీయంగా పరిశీలించే సంఘాన్ని నియమించారు. ఆయన 2005లో మరణించారు. బాగేపల్లిలోని నేషనల్ కళాశాల ఆయన నడిపిన విద్యాసంస్థకు చెందినదే.

టమాటా సాగులో మరొక భ్రమ కనబడుతుంది. 2023 జులైలో కోలారు మార్కెట్టులో 15 కిలోల పెట్టె రెండు వేల రూపాయలు దాటింది. ఆ వార్త కళ్లెదుట ఉండగా నాటినవారు ఎందరో. నారు నాటిన రెండు నెలలకు గాని కాయ కోతకు రాదు. సెప్టెంబరుకు ధర నేలకు దిగింది.

ఈ పొరపాట్ల పేర్లు తెలిసినంత మాత్రాన అవి తొలగవు. జీవితమంతా వీటినే అధ్యయనం చేసి 2024లో మరణించిన కానమన్ కూడా తన సహజబుద్ధి పెద్దగా మారలేదని అంగీకరించారు. కనుక నిర్ణయం ఆవేశం లేని వేళ జరగాలి. రాతిలోని పగుళ్ల జాడ తెలుసుకొనడానికి భూగర్భ శాస్త్రజ్ఞులు విద్యుత్తు పంపి చేసే పరీక్ష ఉన్నది. అది అవకాశాన్ని పెంచుతుందే గాని హామీ ఇవ్వదు. ఇరుగుపొరుగు పొలాలలో నీరు పడిన బోర్లే కాక ఎండిపోయినవీ ఎన్నో, ఎంత లోతువో అడిగి రాసుకోవాలి. ఎన్ని అడుగుల వద్ద, ఎన్ని రూపాయల వద్ద ఆపాలో బండి రాకముందే, ఇంటిలో, ఆడవారితో సహా అందరూ కూర్చొని తేల్చి, ఆ అంకెను కాగితం మీద పెట్టాలి. ఆ కాగితం బోరు వద్ద నిలబడే మనిషి జేబులో కాక, ఇంటివద్ద ఉండేవారి చేతిలో ఉండాలి. అంకె దాటించాలంటే వారిని అడగాలి. డబ్బు కూడా వారి వద్దనే ఉంటే మరీ మంచిది.