కరీబియను దీవుల సంగీతోత్సవములు – వాని జమాఖర్చులు

మన గ్రంథాలయ రజతోత్సవ సంచికకు ఒక చరిత్ర వ్యాసము వ్రాయుమని కార్యవర్గమువారు కోరినపుడు, ఏ దేశపు చరిత్ర నెన్నుకొందునా యని కొంత తడవు ఆలోచించితిని. పాఠశాల చదువు స్వల్పముగను, గ్రంథాలయపు చదువు కొంత విస్తారముగను గలవాడను. జీవితములో అధికభాగము లెక్కలు వ్రాయుటలో గడచినది. కావున సంగీతమును గూర్చి వ్రాయబూనినను నా చూపు జమాఖర్చుల మీదికే పోవును. పాఠకులు మన్నింతురు గాక.

ప్రథమ నాట్యప్రయోగము ఇంద్రధ్వజోత్సవమున జరిగినదని నాట్యశాస్త్రము చెప్పుచున్నది. కళకును ఉత్సవమునకును గల చుట్టరికము అంత ప్రాచీనమైనది. అయితే ఉత్సవ మెవరిది? చేయువారిదా, చూడవచ్చినవారిదా, దానిపై ధనము గడించువారిదా? ఈ ప్రశ్నకు కరీబియను దీవుల చరిత్రలో మంచి సమాధానము దొరకును.

ఉత్తర దక్షిణ అమెరికా ఖండముల నడుమ నున్న సముద్రములో ఈ దీవులు మాలవలె వరుసగా నున్నవి. 1492లో కొలంబసు ఇండియాకు దారి వెదకుచు ఇచ్చటికి చేరి, ఇదియే ఇండియా ప్రాంతమని భ్రమించినందున వీనికి వెస్టిండీసు అను పేరు వచ్చినది. క్రికెట్టు వార్తలు వినువారికి ఈ పేరు చిరపరిచితమే. ఐరోపావారు ఇచ్చట చెరకు తోటలు వేసి, వానిలో పనిచేయుటకు ఆఫ్రికా ప్రజలను బానిసలుగా పట్టి తెచ్చిరి. ఆ బానిసలు వెంట తెచ్చుకొనగలిగిన ఆస్తి యొక్కటే: జ్ఞాపకములోని పాట, చేతిలోని తాళము.

వీనిలో ట్రినిడాడు దీవి కథ ముఖ్యమైనది. అది స్పెయిను రాజుల ఏలుబడిలో నుండగా, 1783 నాటి రాజశాసనమును పురస్కరించుకొని ఫ్రెంచి తోటల యజమానులు తమ బానిసలతో వచ్చి స్థిరపడిరి. 1797లో ఆంగ్లేయులు దీవిని ఆక్రమించిరి. క్రైస్తవుల నలువదినాళ్ళ ఉపవాసకాలము భస్మ బుధవారముతో మొదలగును. దానికి ముందు ఫ్రెంచివారు వేషములు వేసి విందులు చేసుకొనెడివారు. అదియే కార్నివాలు. 1834లో బానిసత్వ నిషేధ చట్టము అమలులోనికి వచ్చి, 1838లో సంపూర్ణ విముక్తి లభించిన పిదప, నిన్నటి బానిసలు ఆ పండుగను తమదిగా చేసికొనిరి. చెరకు తోట అంటుకొన్న రాత్రులలో యజమానులు కొమ్ములూది, కాగడాలు పట్టించి, తమను మంటలు ఆర్పుటకు తోలిన దృశ్యమును వారు వీధులలో అభినయించిరి. దానికి ‘కాన్‌బులే’ అని పేరు. కాలిన చెరకు అని ఫ్రెంచి మాటకు అర్థము. దుఃఖమును ఉత్సవముగా మార్చుకొనుట యనగా ఇదియే.

ప్రభుత్వమువారికి ఇది గలభాగా తోచెను. 1881లో పోర్టు ఆఫ్ స్పెయిను నగరమున పోలీసు అధిపతి కెప్టెను బేకరు ఈ ఊరేగింపును అణచబూనగా, ప్రజలు కర్రలతో ఎదురునిలిచి పోరాడిరి. 1884 నాటికి కాగడాలపైనను, వీధులలో మద్దెల మ్రోతపైనను కఠినమైన నిర్బంధములు వచ్చినవి.

ఇచ్చట మనవారికి సంబంధించిన ముచ్చట యొకటి గలదు. బానిసలు స్వతంత్రులైన పిమ్మట తోటల యజమానులు కూలీలకొరకు మన దేశమువైపు చూచిరి. 1845 మే 30వ తేదీన ‘ఫటేల్ రజాక్’ అను ఓడ కలకత్తా నుండి తొలి ఒప్పంద కూలీలను ట్రినిడాడు చేర్చెను. మదరాసు రేవు నుండియు ఓడలు పోయినవి. వానిలో అరవలతోపాటు తెలుగువారును ఉండిరి. అందరికి కలిపి అచ్చట ‘మద్రాసీలు’ అని పేరు. ఈ కూలీలు మొహరమును ‘హోసే’ అను పేర జరుపుకొనిరి. మన గ్రామములలో పీర్ల పండుగకు హిందువులు కలియునట్లే, అచ్చటను హిందువులు ఆ ఊరేగింపులో నడిచిరి. 1884 అక్టోబరు 30న సాన్ ఫెర్నాండో పట్టణమున ప్రవేశింపరాదను ఆజ్ఞను లెక్కచేయక వచ్చిన ఆ ఊరేగింపుపై తుపాకులు ప్రేలినవి. పలువురు నేలకొరిగిరి. ఆఫ్రికావారి మద్దెలకును భారతీయుల తాసాకును ఒకే సంవత్సరమున సంకెల పడినది.

కాని తాళము ఊరకుండునా? మన శాస్త్రకారులు వాద్యములను తతము, అవనద్ధము, సుషిరము, ఘనము అని నాలుగు తెగలుగా విభజించిరి. చర్మముతో బిగించిన అవనద్ధ వాద్యమునకు అడ్డు రాగా, ట్రినిడాడు పేదలు వేర్వేరు పొడవుల వెదురు బొంగులు నరికి నేలపై మోది తాళము పుట్టించిరి. 1930 తరువాతి సంవత్సరములలో బిస్కత్తు డబ్బాలు, రంగు డబ్బాలు, చెత్తబుట్టల మూతలు వాద్యములైనవి. తుదకు నూనె పీపాయి వంతు వచ్చినది. ట్రినిడాడులో భూమినుండి నూనె తీయుదురు గనుక ఖాళీ పీపాయిలకు కొదువ లేదు. పీపాయి అడుగును సమ్మెటతో మూకుడువలె లోతుగా సాగగొట్టి, అందులో ఒక్కొక్క స్వరమునకు ఒక్కొక్క చోటు గుర్తించి, నిప్పుపై కాల్చి, చిన్న సుత్తితో శ్రుతి చేయుదురు. స్ప్రీ సైమను, ఎల్లీ మానెటు మొదలగువారు దీనిని తీర్చిదిద్దిన వారిలో ప్రసిద్ధులు. మన సంప్రదాయమున ఘనవాద్యమునకు తాళము పట్టుటయే ప్రధాన ధర్మము. ఈ ‘స్టీల్‌పాను’ ఘనవాద్యమే యయ్యు రాగమును సంపూర్ణముగా పలుకును.

తొలుత దీనిని వాయించువారిని పెద్దమనుష్యులు పోకిరీలని నిరసించిరి. పోలీసులు వెంటాడిరి. అట్టి వాయిద్యకారుల బృందము 1951లో లండను నగరమున బ్రిటను ఉత్సవమునకు పోయి సభికులను ఆశ్చర్యచకితులను చేసెను. వారికి శిక్షణ నిచ్చిన గ్రిఫిత్ అను ఆయన సెయింటు లూషియా పోలీసు బ్యాండు నాయకుడగుట కాలమహిమ! 1962 ఆగస్టు 31న దేశము స్వతంత్రమైనది. 1963లో ‘పనోరమా’ అను పోటీలు మొదలైనవి. 1992లో స్టీల్‌పాను జాతీయ వాద్యమైనది. 2023లో ఐక్యరాజ్య సమితి ఆగస్టు 11వ తేదీని ప్రపంచ స్టీల్‌పాను దినముగా ప్రకటించెను.

ఇంతవరకు జరిగినది ప్రజలు తమకొరకు చేసుకొన్న ఉత్సవపు కథ. ఇక అతిథుల కథ.

చెరకు క్రమక్రమముగా దివాలా తీసినది. ట్రినిడాడులో ప్రభుత్వపు చెరకు సంస్థ 2003లోను, సెయింటు కిట్సు దీవిలో చక్కెర పరిశ్రమ 2005లోను మూతపడినవి. ఇంతకుమున్నే జెట్టు విమానములు వచ్చి, చలిదేశములవారు డిసెంబరు నడుమ నుండి ఏప్రిలు నడుమ వరకు ఈ దీవుల యెండకొరకు రాసాగిరి. తక్కిన మాసములలో హోటలు గదులు ఖాళీ. ఆ ఖాళీని నింపు ఉపాయము సంగీతములో కనిపించినది.

బార్బడోసు దీవిలో చెరకు కోతల ముగింపున పనివారు చేసుకొను ‘క్రాపోవరు’ పండుగ 1940 తరువాత ఆగిపోగా, 1974లో పర్యాటక శాఖ పూనికతో పునరుద్ధరింపబడినది. జమైకాలోని మాంటెగో బే పట్టణమున 1978లో ‘రెగే సన్‌స్ప్లాషు’ మొదలై, మరుసటి యేట బాబ్ మార్లే గానముతో ప్రఖ్యాతి గాంచినది. ఆ పట్టణముననే 1993లో ‘సమ్‌ఫెస్టు’ వెలసినది. సెయింటు లూషియావారు 1992లో మే మాసమున జాజు ఉత్సవము ప్రారంభించిరి. ఇది ఆ నేలపై పుట్టిన సంగీతము కాదు. అమెరికా గాయకులను రప్పించి అతిథుల నాకర్షించుట వారి యెత్తు. అది ఫలించినది. అయినను 2013లో దానిని ‘జాజు, కళల ఉత్సవము’గా మార్చుట గమనింపదగినది. డొమినికా దీవివారు 1997లో తమ క్రియోలు భాషా సంగీతములనే ఆధారముగా చేసికొని ఉత్సవము పెట్టిరి.

ఇప్పుడు ఖాతా విప్పుదము. జమ వైపున హోటలువారు, కారు తోలువారు, వేషములు కుట్టువారు, వీధిలో వంటకములు అమ్ముకొను స్త్రీలు, గాయకులు ఉన్నారు. యువకులకు వాద్యము నేర్చుటలో గౌరవము, జీవనోపాధి రెండును కలిగినవి. ఖర్చు వైపున చూడగా, అతిథి యిచ్చిన ధనములో కొంత భాగము విదేశీ హోటలు యజమానులకును, దిగుమతి చేసికొను ఆహార పానీయములకును పోవును. కార్నివాలు ఊరేగింపులో వేషధారుల గుంపు చుట్టును త్రాడు కట్టి, రుసుము చెల్లింపనివారిని వెలుపల నిలుపు ఆచారము వచ్చినది. వీధి ఎవరిదని ఆనాడు పోరాడిన పేదవాని మనుమడు నేడు త్రాటికి అవతల నిలుచుట చింతింపదగిన విషయము.

పాటయు చేతులు మారినది. రెండవ ప్రపంచయుద్ధ కాలమున లార్డు ఇన్‌వేడరు అను కాలిప్సో గాయకుడు తన దీవిలోని అమెరికా సైనికుల తీరుపై ‘రమ్ అండ్ కోకాకోలా’ అను పాట పాడెను. అచ్చటికి వచ్చిన అమెరికా హాస్యనటు డొకడు దానిని తన పేర ప్రకటింపగా, 1945లో ఆ దేశమున దాని రికార్డులు విపరీతముగా అమ్ముడుపోయెను. ట్రినిడాడువారు న్యూయార్కు న్యాయస్థానమున దావా వేసి గెలిచిరి. కళకు పత్రము లేనిచో దొంగకు సులువని లెక్కలు వ్రాయువారికి తెలియనిది కాదు.

మనవారి వాద్యము ఏమైనదని పాఠకులు అడుగవచ్చును. తాసా నేడు ట్రినిడాడు ఉత్సవములలో గౌరవస్థానమున నున్నది. భోజపురి పాటయు కాలిప్సో తాళమును కలిసి ‘చట్నీ’ సంగీతమైనది. సుందర్ పోపో అను గాయకుడు దానికి ఆద్యుడుగా పేరొందెను. ఇరుగుపొరుగైన గయానాలో మద్రాసీల సంతతివారు మారియమ్మ కొలువులో నేటికిని ‘తప్పు’ అను వాద్యము మ్రోగింతురు. మన తప్పెటకు అది తోబుట్టువు. భాష మరచిన యింటిలో వాద్యము మిగిలినది.

కార్నివాలు యుద్ధమువలన 1942 నుండి 1945 వరకును, కోవిడు మహమ్మారివలన 2021లోను ఆగెను. రెండు పర్యాయములును మరల లేచెను. అతిథులకొరకే కట్టిన పందిరి అతిథులు రానినాడు కూలును. ఊరివారు తమకొరకు వేసికొన్న పందిరి నిలుచును, అతిథికి కూడ నీడ నిచ్చును. నేటికిని పనోరమా పోటీలకు ముందు వాద్యశాలలలో రాత్రులు జరుగు అభ్యాసమును వినుటకు ఇరుగుపొరుగువారు గుమిగూడుదురు. ఉత్సవపు మూలధనము అదియే. అది తరుగనంతకాలము జమ ఎంత వచ్చినను ప్రమాదము లేదు. అది తరిగినచో ఎంత జమయు పూడ్చలేదు.

మన గ్రంథాలయమునకును ఈ సూత్రమే వర్తించును. విశిష్టాతిథులు రజతోత్సవమునకు వచ్చి మనలను మెచ్చి పోవుదురు. మరునాటి సాయంకాలము దీపము వెలిగించి బల్ల చుట్టును కూర్చుండవలసినవారము మనమే. ఆ దీపము స్వర్ణోత్సవము వరకు నిరంతరాయముగా వెలుగుగాక!